కందకాల వెనుక నాటకం: 1929 నాటి ‘స్ప్లింటర్స్’ సినిమా ఎలా పుట్టింది?

మొదటి ప్రపంచ యుద్ధం నాటి నలుపు తెలుపు ఫొటోలు కొన్ని సోషల్ మీడియాలో తరచూ కనిపిస్తుంటాయి. పట్టు గౌను, మెడలో ముత్యాల దండ, చేతిలో విసనకర్రతో ఒక యువతి నిలబడి ఉంటుంది. చుట్టూ ఖాకీ బట్టల్లో సైనికులు. కాస్త పరిశీలించి చూస్తే ఆ యువతి కూడా సైనికుడేనని తెలుస్తుంది. ఇది గూఢచారి వేషమా, శిక్షగా వేసిన వేషమా, ఇంకేమైనా ఉందా అని చూసినవాళ్లకు అనుమానం వస్తుంది. నిజానికి అది నాటకం వేషం. యుద్ధరంగానికి కొద్ది మైళ్ల దూరంలో సైనికులే సమాజాలు కట్టి, తోటి సైనికుల కోసం ప్రదర్శనలు ఇచ్చారు. అలాంటి ఒక సమాజం పుట్టుక కథనే 1929లో బ్రిటన్‌లో ‘స్ప్లింటర్స్’ అనే హాస్య చిత్రంగా తీశారు. బ్రిటిష్ టాకీలు అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటున్న రోజులవి.

క్లుప్తంగా

‘స్ప్లింటర్స్’ను తేలికపాటి కాలక్షేపం సినిమాగా పక్కన పెట్టడం మామూలే. కానీ అది మూడు వేర్వేరు అవసరాలు కలిసిన చోట పుట్టింది. సైన్యానికి సైనికుల మనోధైర్యం నిలబెట్టుకోవాలి. నిర్మాతలకు కొత్తగా వచ్చిన సౌండు యంత్రాలతో తేలిగ్గా తీయగల కథ కావాలి. బ్రిటిష్ చట్టం ప్రకారం థియేటర్లలో స్వదేశీ సినిమాలు ఆడాలి. సైనికుల నాటకం ఈ మూడింటికీ సరిపోయింది. అయితే ప్రదర్శనను పదిలంగా దాచిన ఆ సినిమా, దాని వెనుకనున్న యుద్ధాన్ని మాత్రం చాలావరకు వదిలేసింది.

తెరమీద కథ, తెరవెనుక మనుషులు

1915లో ఫ్రాన్స్‌లో ఉన్న బ్రిటిష్ సైనికులు కొందరు ఒక వినోద బృందంగా ఏర్పడి ప్రదర్శన ఇవ్వడమే సినిమా కథ. పాటలు, హాస్యపు ముక్కలు, డాన్సులు, మధ్యమధ్యలో సైనిక జీవితపు చిక్కులు. జాక్ రేమండ్ దర్శకుడు. హెర్బర్ట్ విల్‌కాక్స్ నడిపిన బ్రిటిష్ అండ్ డొమినియన్స్ సంస్థ ఎల్‌స్ట్రీ స్టూడియోలో దీన్ని నిర్మించింది. నెల్సన్ కీస్, సిడ్నీ హోవార్డ్, లూ లేక్ ముఖ్య పాత్రధారులు.

ఈ కథ కల్పన కాదు. బ్రిటిష్ ఫస్ట్ ఆర్మీ అనే పెద్ద సైనిక విభాగంలో నిజంగానే ‘లె రూజ్ ఎ నువార్’ అనే బృందం ఉండేది. ఫ్రెంచి భాషలో ఆ పేరుకు ఎరుపు, నలుపు అని అర్థం. యుద్ధం అయిపోయాక సభ్యులు ఇంటిదారి పట్టి బృందాన్ని రద్దు చేసుకోలేదు. ‘స్ప్లింటర్స్’ అనే పేరుతో బ్రిటన్ అంతటా ప్రదర్శనలు ఇచ్చారు. ఆ మాటకు తునకలు, పెచ్చులు అని అర్థం. ఫిరంగి గుండు పేలినప్పుడు ఎగిరివచ్చి మనుషుల్ని గాయపరిచేవి అవే. నవ్వించే ప్రదర్శనకు అలాంటి పేరు పెట్టుకోవడంలో ఆ మనుషులు ఎక్కడినుంచి వచ్చారో తెలుస్తుంది. బృందంలో కథానాయిక వేషాలకు పేరుపడ్డ రెజ్ స్టోన్, హాస్యగాడు హాల్ జోన్స్ సినిమాలోనూ నటించారు. యుద్ధకాలంలో వేసిన వేషాన్నే పదేళ్లకు పైగా గడిచాక కెమెరా ముందు మళ్లీ వేశారన్నమాట. ఈ సినిమాకున్న అసలు విలువ ఇదే.

ఫస్ట్ ఆర్మీ పేరు మనకు పూర్తిగా కొత్తది కాదు. 1915 మార్చిలో నవ్ షపెల్ దగ్గర జరిగిన పోరులో భారత సైనికులు పెద్ద సంఖ్యలో పాల్గొన్నది ఈ ఫస్ట్ ఆర్మీ కిందే. అక్కడి స్మారకం మీద 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కి ఉన్నాయి. సినిమా చూపించే నవ్వుల ఏడాది, ఆ పోరు జరిగిన ఏడాది ఒకటే.

యుద్ధంలో నాటకానికి తీరిక ఎక్కడిది?

పాఠకులకు ముందుగా వచ్చే ప్రశ్న ఇదే. కందకాల యుద్ధం అనగానే నాలుగేళ్లూ బురదలో, తూటాల మధ్య గడిచినట్టు ఊహించుకుంటాం. వాస్తవం వేరు. బ్రిటిష్ సైన్యం తన దళాలను వంతులవారీగా తిప్పేది. ఒక బెటాలియన్ ముందు వరుస కందకంలో కొన్ని రోజులు ఉండేది. తర్వాత కాస్త వెనకున్న సహాయ వరుసకు, అక్కడినుంచి రిజర్వుకు, ఆ తర్వాత ఇంకా వెనకున్న పల్లెల్లో విశ్రాంతికి వెళ్లేది. ఒక సైనికుడు ముందు వరుసలో గడిపే రోజులకన్నా వెనక గడిపే రోజులే ఎక్కువ.

విశ్రాంతి అని పేరే గానీ అది సెలవు కాదు. కవాతు, శిక్షణ, రాత్రిపూట కందకాలకు సామాను మోత అన్నీ ఉండేవి. కానీ సాయంత్రాలు మిగిలేవి. చేతిలో రోజుకు ఒక షిల్లింగు జీతం, చుట్టూ తెలియని భాష, మనసులో మళ్లీ ముందు వరుసకు వెళ్లాలన్న టెన్షన్. ఖాళీగా వదిలేస్తే ఆ కుర్రాళ్లు సారా అంగళ్లకూ వేశ్యావాటికలకూ పోతారని అధికారుల భయం. సుఖవ్యాధులతో ఆస్పత్రి పాలయ్యే సైనికుల సంఖ్య సైన్యానికి నిజంగానే పెద్ద సమస్యగా ఉండేది. అందుకే ఫుట్‌బాల్ పోటీలు, బాక్సింగ్, సినిమా ప్రదర్శనలు, నాటకాలు అన్నింటికీ పై అధికారులు అండగా నిలిచారు.

మొదట్లో వినోదం బయటినుంచి వచ్చేది. నటి లీనా ఆష్‌వెల్ 1915 ఫిబ్రవరి నుంచి వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువజన సంస్థ సాయంతో కళాకారులను ఫ్రాన్స్‌కు పంపడం మొదలుపెట్టింది. కానీ వాళ్లు ఎక్కువగా రేవు పట్టణాల్లో, ఆస్పత్రుల్లో, వెనకున్న స్థావరాల్లో ప్రదర్శనలు ఇచ్చేవారు. ఫిరంగుల మోత వినిపించేంత దగ్గరకు పౌరులను, అందులోనూ స్త్రీలను, రానివ్వడం కష్టం. ఆ ఖాళీని సైనికులే పూరించుకున్నారు. యుద్ధం ముగిసేనాటికి దాదాపు ప్రతి డివిజన్‌కూ తనదంటూ ఒక బృందం ఉండేది.

డివిజన్ స్థాయిలోనే ఇవి ఎక్కువగా నిలదొక్కుకోవడానికీ ఒక కారణం ఉంది. బెటాలియన్‌లో వెయ్యి మంది కూడా ఉండరు, ఒక్క దాడిలో సగం మంది పోవచ్చు. అలాంటిచోట బృందం కట్టినా నెలల తరబడి నిలవదు. డివిజన్‌లో పదిహేను వేలకు పైగా మనుషులు ఉంటారు. అంతమందిలో పాడేవాడు, పియానో వాయించేవాడు, కుట్టుపని తెలిసినవాడు, తెరలు గీసేవాడు దొరుకుతారు. పదిమందిని మామూలు విధులనుంచి తప్పించినా లోటు తెలియదు. 1916 జనవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చాక వృత్తి కళాకారులు కూడా సైన్యంలోకి వచ్చిపడ్డారు. పెద్ద దాడులప్పుడు మాత్రం వేషాలు పెట్టెలో పెట్టి కొందరు స్ట్రెచర్లు మోయడానికి వెళ్లేవారు.

కొత్తగా కనిపెట్టింది కాదు

ఈ ప్రదర్శనల రూపం సైన్యంలో పుట్టలేదు. యుద్ధానికి ముందు ఇంగ్లండ్ సముద్రతీర పట్టణాల్లో వేసవికాలంలో చిన్న బృందాలు ఆడేవి. తెల్లటి వదులు బట్టలు, వాటి మీద నల్లటి ఊలు బంతులు, ఒక పియానో, ఆరేడుగురు మనుషులు. ఒకరు పాడితే ఒకరు నవ్విస్తారు, ఇద్దరు కలిసి చిన్న ఘట్టం ఆడతారు. దీన్నే కాన్సర్ట్ పార్టీ అనేవారు. పట్టణాల్లో పాటలు, హాస్య ప్రదర్శనలు సాగే మ్యూజిక్ హాళ్లు ఉండేవి. కార్మిక కుటుంబాలనుంచి వచ్చిన సైనికులకు ఈ రెండూ బాగా అలవాటు. పెద్ద నాటకానికైతే పొడుగాటి రిహార్సళ్లు కావాలి, పాత్రధారి చనిపోతే ఆట ఆగిపోతుంది. విడివిడి అంశాలతో నడిచే ప్రదర్శనకు ఆ ఇబ్బంది లేదు. ఒక అంశం తీసేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. యుద్ధరంగానికి ఈ రూపమే సరిపోవడంలో వింత లేదు.

పశువుల కొట్టాలు, గుడారాలు, బాంబు దెబ్బలు తిన్న హాళ్లు రంగస్థలాలయ్యాయి. చాలాచోట్ల సైనికులనుంచి కొద్దిపాటి టికెట్ డబ్బు తీసుకునేవారు. ఆ డబ్బుతో దుస్తులు, విగ్గులు కొనేవారు. ముందు కుర్చీల్లో అధికారులు కూర్చునేవారు, స్టేజీ మీద సార్జెంట్ల అరుపులనూ, రోజూ ఒకే రకం డబ్బా మాంసాన్నీ, ప్లమ్-యాపిల్ జామునూ ఎగతాళి చేసే పాటలు సాగేవి. కవాతు మైదానంలో నోరు తెరిస్తే శిక్ష పడే మాటలకు అక్కడ చప్పట్లు పడేవి. ఆ ఎగతాళికి ఒక హద్దు ఉండేది. తిండిని తిట్టవచ్చు, సార్జెంటును వెక్కిరించవచ్చు, యుద్ధం ఎందుకు అని మాత్రం అడగకూడదు. లోపలి ఆవిరి బయటికి పోయేంత సందు ఇచ్చి, మూత ఎగిరిపోకుండా చూసుకున్న ఏర్పాటు అది.

ఆడవేషం ఎందుకు అంత ముఖ్యమైంది?

యుద్ధరంగంలో నటీమణులు లేరు కాబట్టి మగవాళ్లే వేశారు అనేది సగం సమాధానం. స్త్రీ పాత్రలు లేని ప్రదర్శన కూడా కట్టుకోవచ్చు కదా. అయినా ప్రతి బృందమూ ఒక మంచి ‘కథానాయిక’ కోసం వెతికేది. ప్రేక్షకులు వేచి చూసేది ఆ పాత్ర కోసమే.

ఇక్కడ రెండు రకాల వేషాలను వేరుచేసి చూడాలి. ఒకటి నవ్వించే వేషం. బ్రిటిష్ క్రిస్మస్ ఆటల్లో పెద్దావిడ పాత్రను మగవాడు వేస్తాడు. గొంతు మార్చడు, మీసం దాగినా మగతనం దాగదు, నవ్వు పుట్టేది అక్కడే. రెండోది నమ్మించే వేషం. నడక, చూపు, చీలమండ కదలిక వరకు స్త్రీలాగే ఉండాలి. ‘లె రూజ్ ఎ నువార్’కు పేరు తెచ్చింది ఈ రెండో రకమే. నెలల తరబడి ఇంటి ముఖం చూడని కుర్రాళ్లకు ఆ పాత్ర ఇంటినీ, శాంతినీ, యుద్ధం లేని లోకాన్నీ గుర్తుచేసేది.

ఈ తేడా తెలుగువారికి విడమరచి చెప్పనక్కర్లేదు. అదే తరంలో ఇక్కడ స్థానం నరసింహారావు సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా రంగస్థలాన్ని ఏలారు. ఆయన వేషాన్ని ఎవరూ వెక్కిరింతగా చూడలేదు, అది విద్య. అయితే రెండింటికీ మూలం వేరు. తెలుగు నాటకంలో స్త్రీ పాత్రను పురుషుడు ధరించడానికి కూచిపూడినుంచి వచ్చిన సంప్రదాయం ఉంది, స్త్రీలు రంగస్థలం ఎక్కడం మీద సమాజపు ఆంక్షలూ ఉన్నాయి. బ్రిటన్‌లోనైతే అప్పటికి రెండున్నర శతాబ్దాలుగా స్త్రీలే స్త్రీ పాత్రలు వేస్తున్నారు. అంటే సైనికుల ఆడవేషం ఎప్పుడో వదిలేసిన ఒక పద్ధతిని యుద్ధం మళ్లీ తీసుకొచ్చిన సందర్భం.

మరి స్వలింగ సంబంధాలు నేరంగా ఉన్న దేశంలో దీన్ని ఎలా ఒప్పుకున్నారు? 1885 నాటి చట్టం కింద శిక్షలు పడుతూనే ఉన్నాయి, సైన్యంలోనూ కోర్టు మార్షల్‌లు జరిగాయి. కానీ స్టేజీ మీది వేషాన్ని ఆ చట్టం దృష్టితో చూడలేదు. వేషధారి సైనికుడు, యుద్ధంలో ఉన్నవాడు, తోటివారి కోసం చేస్తున్నాడు అన్న మూడు మాటలు అతనికి రక్షణగా నిలిచాయి. యూనిఫాం ఇచ్చిన గౌరవమే గౌనుకూ అనుమతి ఇచ్చింది. ఆ వేషాల వెనుక ఎవరి మనసులో ఏముందో ఫొటోలు చూసి చెప్పడం కుదరదు. కొందరికి అది పని, కొందరికి కళ, కొందరికి మరెక్కడా దొరకని స్వేచ్ఛ అయి ఉండవచ్చు.

ఇది బ్రిటిష్ సైనికులకే పరిమితం కాలేదు. కెనడా మూడో డివిజన్‌లో 1917లో ‘డంబెల్స్’ బృందం పుట్టింది. దాన్ని కట్టింది వై.ఎం.సి.ఎ. తరఫున పనిచేసిన మెర్టన్ ప్లంకెట్. అందులో రాస్ హామిల్టన్ వేసిన మార్జరీ పాత్రకు విపరీతమైన ఆదరణ. వాళ్లు 1918లో లండన్ కొలీసియం థియేటర్‌లో ఆడారు, 1921లో న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వే వరకు వెళ్లారు. సైనిక వినోదం పౌర వ్యాపారంగా మారిన తీరులో డంబెల్స్, స్ప్లింటర్స్ అన్నదమ్ముల్లాంటివి.

1929లోనే ఎందుకు?

యుద్ధం ముగిసి పదకొండేళ్లయింది. రంగస్థల ప్రదర్శన ఎప్పటినుంచో ఆడుతోంది. సినిమాగా అప్పుడే తీయడానికి కారణం సౌండు.

అమెరికా నుంచి ‘ది జాజ్ సింగర్’ టాకీ 1928 సెప్టెంబరులో లండన్ చేరింది. ఏడాది తిరిగేలోపు బ్రిటిష్ నిర్మాతలు మూకీలు ఆపి టాకీల వెంట పడ్డారు. హిచ్‌కాక్ ‘బ్లాక్‌మెయిల్’ 1929లో వచ్చింది. అయితే తొలి సౌండు యంత్రాలు సినిమాను కట్టిపడేశాయి. కెమెరా తిరిగే చప్పుడు మైకులో పడకుండా దాన్ని సౌండు దూరని గదిలాంటి పెట్టెలో బిగించేవారు. మైకు కదలదు, నటుడు దానికి దూరం జరగకూడదు. తర్వాత వేరుగా మాటలు కలిపే పద్ధతి ఇంకా కుదురుకోలేదు. పాట అంటే వాద్యబృందం సెట్టు మీదే వాయించాలి, గాయకుడు అక్కడే పాడాలి.

ఇన్ని కట్టుబాట్ల మధ్య వీధుల్లో పరుగులు, గుర్రపు స్వారీలు తీయడం కష్టం. స్టేజీ మీద నిలబడి పాడే మనిషిని తీయడం తేలిక. కెమెరా కదలకపోయినా లోటనిపించదు, ఎందుకంటే ప్రేక్షకుడు కుర్చీలోంచి స్టేజీని చూసే చూపు కూడా కదలదు. పైగా ఏళ్ల తరబడి ఆడి పదునెక్కిన అంశాలు, గొంతు వినిపించడం తెలిసిన నటులు సిద్ధంగా ఉన్నారు. అమెరికాలో అదే ఏడాది తెరవెనుక కథల సినిమాలు వరస కట్టడానికీ ఇదే కారణం. మన దగ్గర తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు సురభి నటులను తీసుకున్నదీ ఈ లెక్కతోనే. మాట వచ్చిన సినిమా ఎక్కడైనా ముందు నాటకం గుమ్మం తొక్కింది.

రెండో కారణం చట్టం. 1920ల మధ్యలో బ్రిటిష్ తెరల మీద ఆడే సినిమాల్లో స్వదేశీవి అయిదు శాతం మాత్రమే, మిగతావి ఎక్కువగా అమెరికావి. 1927 నాటి సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్స్ చట్టం దీన్ని మార్చాలని చూసింది. మొదట్లో పంపిణీదారులు 7.5 శాతం, థియేటర్లు 5 శాతం బ్రిటిష్ సినిమాలు తీసుకోవాలి. ఆ వాటా ఏటేటా పెరిగి 20 శాతానికి చేరాలి. దీనివల్ల అడుగు ఫిల్ముకు ఒక పౌండు లెక్కన చుట్టేసిన నాసిరకం సినిమాలు చాలా వచ్చాయి. కానీ అమెరికా పోటీకి తట్టుకోవాలంటే అమెరికా తీయలేని సినిమా తీయాలన్న ఆలోచన కూడా ఆ కాలంలోనే బలపడింది. సైనికుల బారకాసు హాస్యం, యార్క్‌షైర్ నుంచి వచ్చిన సిడ్నీ హోవార్డ్ నిదానపు నటన హాలీవుడ్‌లో దొరికేవి కావు. వాటిని అనువదించి చెప్పాల్సిన పనిలేని ప్రేక్షకులు లక్షల్లో ఉన్నారు. వాళ్లలో చాలామంది ఆ యుద్ధానికి వెళ్లివచ్చినవాళ్లే.

విల్‌కాక్స్ సంస్థ ఈ దారిలోనే ముందుకు పోయింది. మరుసటి ఏడాది లండన్ రంగస్థలంలో పేరుపడ్డ ‘రూకరీ నూక్’ ప్రహసనాన్ని సినిమాగా తీసి మంచి లాభం చూసింది.

ఒకే యుద్ధం, రెండు జ్ఞాపకాలు

1929 మరో విధంగానూ ముఖ్యమైన ఏడాది. ఆర్.సి. షెరీఫ్ రాసిన ‘జర్నీస్ ఎండ్’ నాటకం ఆ జనవరి నుంచి లండన్ సవాయ్ థియేటర్‌లో ఆడుతోంది. కందకంలో భయాన్ని తాగుడుతో అణచుకునే యువ అధికారి కథ అది. జర్మన్ రచయిత రెమార్క్ యుద్ధ నవల ఇంగ్లీషులోకి వచ్చిందీ అప్పుడే. యుద్ధం వ్యర్థమన్న మాట పుస్తకాల్లో, స్టేజీ మీద గట్టిగా వినిపిస్తున్న వేళ ‘స్ప్లింటర్స్’ అదే యుద్ధం మీద నవ్వులు పంచింది.

ఈ రెండింటిలో ఒకటి నిజం, రెండోది అబద్ధం అని తేల్చడం తొందరపాటు. ‘జర్నీస్ ఎండ్’ ముందు వరుసలో రోజులను చూపిస్తే, ‘స్ప్లింటర్స్’ వెనుక పల్లెల్లో సాయంత్రాలను చూపించింది. వంతుల పద్ధతిలో ఒకే సైనికుడు రెండూ అనుభవించాడు. ఇంకో తేడా కూడా ఉంది. విషాద రచనల్లో ఎక్కువ భాగం అధికారులు, చదువుకున్నవాళ్లు రాసినవి. సైనికుల నాటకంలో వినిపించేది ఎక్కువగా మామూలు సిపాయి గొంతు.

సినిమా లోపం ఇక్కడే ఉంది. అసలు ప్రదర్శన చూసిన సైనికుడికి రేపు ఎక్కడ ఉంటాడో తెలుసు. హాల్లో పక్కన నవ్విన స్నేహితుడు మళ్లీ ఆటకు వస్తాడో లేదో తెలియదు. ఆ నవ్వుకు బరువు తెచ్చింది అదే. 1929లో థియేటర్‌లో కూర్చున్నవాడికి ఆ భయం లేదు. దాన్ని అతనికి అందించాల్సిన బాధ్యత సినిమాది. పాటల వరసలో అది జారిపోయింది. 1937లో ఫ్రెంచి దర్శకుడు జాన్ రెన్వార్ తన ‘గ్రాండ్ ఇల్యూజన్’లో యుద్ధఖైదీలు ఆడవేషాలతో ఆడే ఘట్టాన్ని పెట్టాడు. ఒక ఖైదీ తొలిసారి గౌను తొడుక్కుని కనిపించగానే గది మొత్తం మాట పడిపోతుంది. సైనికుల ఆడవేషం గురించి ‘స్ప్లింటర్స్’ చెప్పకుండా దాటవేసినదంతా ఆ కొద్ది క్షణాల మౌనంలో ఉంది.

ఆ తర్వాత

‘స్ప్లింటర్స్’ పేరుకు ఉన్న గిరాకీతో మరో రెండు సినిమాలు వచ్చాయి. 1931లో ‘స్ప్లింటర్స్ ఇన్ ద నేవీ’, 1937లో ‘స్ప్లింటర్స్ ఇన్ ది ఎయిర్’. రెండింటిలోనూ సిడ్నీ హోవార్డే ప్రధాన ఆకర్షణ. పేర్లు చూస్తేనే అర్థమవుతుంది, అసలు బృందం చరిత్రతో సంబంధం తగ్గి, యూనిఫాం హాస్యం ఒక ఫార్ములా అయింది.

1939లో మళ్లీ యుద్ధం వచ్చేసరికి ప్రభుత్వం వినోదాన్ని సైనికుల చొరవకు వదిలెయ్యలేదు. బాసిల్ డీన్ ఆధ్వర్యంలో ‘ఎన్సా’ అనే సంస్థ మొదటినుంచీ పనిలోకి దిగింది. నటీమణులు కూడా యుద్ధరంగాల దగ్గరకు వెళ్లారు. అయినా సైనికుల సొంత బృందాలు ఆగలేదు. 1945 తర్వాత ‘సోల్జర్స్ ఇన్ స్కర్ట్స్’ వంటి ప్రదర్శనలు బ్రిటన్ ఊళ్లన్నీ తిరిగాయి. ఆడవేషాలతో తర్వాత పెద్ద తార అయిన డానీ లా రూ అలాంటి బృందాల్లోనే ఎదిగాడు.

ఆ కథ చివరికి మన దేశం దాకా వచ్చింది. రెండో యుద్ధకాలంలో నాసిక్ దగ్గర దేవలాలిలో బ్రిటిష్ ఫిరంగి దళానికి ఒక వినోద బృందం ఉండేది. అందులో పనిచేసిన జిమ్మీ పెర్రీ తన అనుభవాలతో, డేవిడ్ క్రాఫ్ట్‌తో కలిసి బీబీసీకి రాసిన హాస్య ధారావాహిక 1974 నుంచి 1981 వరకు నడిచింది. కథ మొదట జరిగేది దేవలాలిలో, చిత్రీకరించింది ఇంగ్లండ్‌లో. ఝాన్సీలో పుట్టిన ఆంగ్ల నటుడు మైకేల్ బేట్స్ ముఖానికి రంగు పూసుకుని అందులో భారతీయ సేవకుడి పాత్ర వేశాడు. ఇప్పుడు ఆ ధారావాహిక మీద వచ్చే అభ్యంతరాల్లో ప్రధానమైనది ఆ రంగు గురించే.